చెట్టు దాకా వెళ్లిన చట్టం
పోరుగడ్డ సభ్యులు – 14వ భాగం

తెల్లవారకముందే గీత కార్మికుడు ఇల్లు వదులుతాడు. భుజాన మోకు, నడుముకు ముస్తాదు, అందులో గీత కత్తులు. తాటిచెట్టు మొదట్లో నిలబడి తన కులదైవం కాటమయ్యను తలుచుకుంటాడు. మోకును చెట్టు చుట్టూ తిప్పి నడుముకు బిగించుకుని, కాళ్లకు బంధం వేసుకుని, ఒక్కో జానా పైకి జరుగుతాడు. యాభై, అరవై అడుగులు ఎక్కాక మట్టల మధ్య కుదురుకుని గెల చివర పలుచగా చెక్కుతాడు. నిన్నటి లొట్టిని దించి ఖాళీ లొట్టిని కడతాడు. దిగి, పక్క చెట్టెక్కుతాడు. సాయంత్రం మళ్లీ ఇదే పని. ఒక్క రోజు గీయకపోయినా గెల ఆరిపోతుంది. అందుకే వానొచ్చినా, ఒళ్లు కాలుతున్నా, ఇంట్లో పెళ్లున్నా చెట్టెక్కక తప్పదు. వానకు తడిసిన తాటిమొద్దు మీద మోకు జారితే ఏమవుతుందో ఆ ఇళ్లల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

సూర్యాపేట నుంచి శాసనసభకు వెళ్లిన ఒక మనిషి గురించి చెప్పడానికి ఈ చెట్టు దగ్గరే మొదలుపెట్టాలి. ఆయన పేరు బొమ్మగాని ధర్మభిక్షం. మూడుసార్లు శాసనసభ్యుడు, రెండుసార్లు పార్లమెంటు సభ్యుడు. ఒక్క రోజు కూడా మంత్రి కాలేదు. పాఠ్యపుస్తకాల్లో ఆయనకు దొరికే చోటు ఒక వాక్యం, మహా అయితే రెండు. కానీ నల్గొండ జిల్లాలో చట్టం ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వచ్చిందో తెలుసుకోవాలంటే ఆయన జీవితాన్ని మించిన దారి నాకు కనిపించలేదు.

ధర్మభిక్షం 1922 ఫిబ్రవరి 15న సూర్యాపేటలో గీత కార్మికుల కుటుంబంలో పుట్టారు. భిక్షం, భిక్షమయ్య, భిక్షపతి అనే పేర్లు మన ప్రాంతంలో ఇంటింటా వినిపించేవే. ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే, ఈ బిడ్డయినా దేవుడి భిక్షగా బతకాలని అలా పేరు పెట్టేవాళ్లు. పసిపిల్లలు అంత సులువుగా చచ్చిపోయే కాలం అది.

ఆ కాలపు సూర్యాపేటలో న్యాయం ఎక్కడ దొరికేది? కాగితం మీద నిజాం రాజ్యానికి మున్సిఫ్ కోర్టులు ఉన్నాయి, హైదరాబాద్‌లో హైకోర్టు ఉంది. 1893లోనే ఒక శాసన మండలి కూడా ఏర్పడింది. అందులో కూర్చున్నది ఉన్నతాధికారులు, ప్రభుత్వం ఎంపిక చేసిన ప్రముఖులు. ఊళ్లో రైతుకు, కూలికి, కల్లు గీసే గౌడుకు, చాకలికి ఇవేవీ అందేవి కావు. వాళ్లకు తెలిసిన కోర్టు దొర గడి. ఫిర్యాదు వినేది దొర, తీర్పు చెప్పేది దొర, జరిమానా వేసేది దొర. ఆ జరిమానా పోయేది కూడా దొర ఇంటికే. సూర్యాపేట తాలూకాలో ఎర్రపాడు దేశముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబం కింద లక్షన్నర ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య తన పోరాట చరిత్రలో రాశారు. అంత భూమి ఒక ఇంటి కింద ఉన్నచోట పోలీసు పటేలు ఎవరి మాట వింటాడో, పట్వారి ఎవరి లెక్క రాస్తాడో వేరే చెప్పాలా?

వెట్టి అనగానే చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ కులాలవాళ్లు చేసిన ఊడిగం గుర్తొస్తుంది. గౌడుల వెట్టి గురించి అంతగా మాట్లాడుకోం. దొర ఇంటికి కొన్ని చెట్ల కల్లు విడిగా దించి పెట్టాలి. చుట్టాలొస్తే ఇంకో నాలుగు లొట్లు పోయాలి. డబ్బు అడగకూడదు. ఇది గడి భారం. దీని మీద సర్కారు భారం వేరే ఉంది. నిజాం ఖజానాకు అబ్కారీ పెద్ద రాబడి. చెట్లకు నంబర్లు వేసి, చెట్టుకింత అని రకం కట్టించుకునేవారు. కల్లు దుకాణాలను వేలం వేసేవారు. వేలం పాడగలిగింది డబ్బున్నవాడు. అతని కింద కూలికి చెట్టెక్కేది గౌడు. చెట్టు సర్కారుది, కల్లు కాంట్రాక్టరుది, కింద పడితే విరిగే నడుము మాత్రం గౌడుది.

ఈ ఇంట్లోంచి వచ్చిన పిల్లవాడు బడికి వెళ్లాడు. ఏడో నిజాం పాతికేళ్ల పాలనకు రజతోత్సవాలు జరిపిన రోజుల్లో ధర్మభిక్షం ఇంకా విద్యార్థి. ఆ వేడుకలను బహిష్కరించిన పిల్లల్లో ఆయన ఒకరు. సూర్యాపేట లాంటి చోట, ఉర్దూలో పాఠాలు నడిచే సర్కారు బడిలో, గౌడుల పిల్లవాడు నవాబు పండుగకు రానని అనడం చిన్న విషయం కాదు. ఆ వయసులో అంత ధైర్యం ఎక్కణ్నుంచి వచ్చిందని నేను చాలాసార్లు ఆలోచించాను. ఆంధ్ర మహాసభ అప్పటికే పుట్టింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి సభ జరిగింది, మరుసటి ఏడు దేవరకొండలో రెండో సభ. గ్రంథాలయాలు, పత్రికలు, తెలుగులో మాట్లాడటమే ఒక రాజకీయమైన రోజులు. ఆ గాలి సూర్యాపేట బడిపిల్లలను తాకకుండా ఎలా ఉంటుంది?

1940 దశకం మొదట్లో ధర్మభిక్షం సూర్యాపేటలో విద్యార్థుల కోసం హాస్టల్ నడిపారు. ఆయన చేసిన పనుల్లో నేను అన్నిటికంటే ముందు చెప్పేది ఇదే. ఊళ్ల నుంచి వచ్చిన పేద పిల్లలకు పట్నంలో తలదాచుకునే చోటు, రెండు పూటలా అన్నం దొరికితే చదువు సాగుతుంది. దొరకకపోతే పిల్లవాడు తిరిగి ఊరికి పోతాడు, దొర పశువుల వెంట నడుస్తాడు. హాస్టల్ అంటే అన్నం, చాప, దీపం. ఆ దీపం కింద పాఠ్యపుస్తకంతో పాటు మరికొన్ని పుస్తకాలూ చదివారు. ఆ గదుల్లో చదువుకున్న పిల్లలు తర్వాత ఊళ్లల్లో సంఘం పనికి వెళ్లారు. తెలంగాణలో కమ్యూనిస్టు ఉద్యమం అడవుల్లో మొదలైందనుకుంటాం. సూర్యాపేట వరకు చూస్తే అది హాస్టల్ పంక్తిలో, పిల్లల అన్నం కంచాల దగ్గర మొదలైంది.

1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభ రావి నారాయణరెడ్డిని అధ్యక్షుడిగా ఎన్నుకుంది. అక్కడి నుంచి అది ఊరి జనం సంఘమైంది. ఊళ్లల్లో వాళ్లు దాన్ని సంఘమనే పిలిచారు, ‘సంఘపోళ్లు’ అన్నారు. 1946 జూలై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాకు బలయ్యాడు. 1947 సెప్టెంబరు 11న సాయుధ పోరాటానికి పిలుపు వచ్చింది. ఈ కథ పాఠకులు వెనకటి భాగాల్లో చదివారు కాబట్టి మళ్లీ చెప్పను. ఒక్క సంగతి మాత్రం ఇక్కడ చెప్పాలి. సంఘం చేతికి వచ్చిన ఊళ్లల్లో గ్రామ కమిటీలు ఏర్పడ్డాయి. భూమి తగాదాలు, అప్పు పత్రాలు, ఆలుమగల గొడవలు కమిటీ ముందుకు వచ్చాయి. మొన్నటిదాకా గడి ముందు చెప్పులు విడిచి చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్లు రావిచెట్టు కింద కూర్చుని తీర్పులు చెప్పారు. ఆ తీర్పులన్నీ సరైనవే అనను. తొందరపాటూ జరిగింది, కక్షలూ దూరాయి. అయినా తీర్పు చెప్పే అర్హత పుట్టుకతో వస్తుందన్న నమ్మకం మాత్రం ఆ ఊళ్లల్లో తిరిగి లేవలేదు.

ఆ రోజుల్లోనే తాటిచెట్టుకు ఒక విచిత్రమైన కష్టం వచ్చింది. నిజాం ఖజానాను దెబ్బతీయడానికి అబ్కారీ చెట్లు నరకాలని స్టేట్ కాంగ్రెస్ ఉద్యమకారులు 1947లో చాలాచోట్ల గొడ్డళ్లు పట్టారు. రాజకీయంగా లెక్క సరిగ్గానే ఉంది: చెట్టు పోతే రకం పోతుంది, రకం పోతే నవాబు రాబడి పోతుంది. కానీ ఆ చెట్టు మీద గౌడు ఇంటి గంజి కూడా ఉంది. తాటిచెట్టు గీతకు రావాలంటే దాదాపు ఇరవై ఏళ్లు పడుతుంది. నవాబు మీద కోపంతో ఒక్క పూటలో నరికిన చెట్టును తిరిగి నిలబెట్టాలంటే గౌడు కొడుక్కి మీసం రావాలి. గీత పనివాళ్లకు తమ గొంతు వినిపించే మనిషి ఎందుకు కావలసి వచ్చాడో ఇక్కడ కనిపిస్తుంది.

ధర్మభిక్షం ఏళ్ల తరబడి జైళ్లల్లో గడిపారు. 1948 సెప్టెంబరులో నిజాం లొంగిపోయాడు. పోరాటం ఆగలేదు, కమ్యూనిస్టులకు జైలూ తప్పలేదు. జైలు ఫాటకం మీద జెండా మారింది, లోపలి మనుషులు వాళ్లే. 1951 అక్టోబరు 21న సాయుధ పోరాటాన్ని విరమించారు. కొద్ది నెలల్లోనే ఎన్నికలు వచ్చాయి.

1952 మొదట్లో జరిగిన ఆ ఎన్నికలు నల్గొండ జిల్లాను దేశానికి చూపించాయి. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో వాళ్లు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. జనం పీడీఎఫ్ అన్నారు. నల్గొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి నెహ్రూకు వచ్చినవాటికంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. 175 స్థానాల శాసనసభలో కాంగ్రెస్‌కు 93, పీడీఎఫ్‌కు 42. ఆ 42లో సూర్యాపేట నుంచి గెలిచిన ధర్మభిక్షం ఒకరు, ఆలేరు నుంచి గెలిచిన ఆరుట్ల కమలాదేవి ఒకరు.  హుజూర్‌నగర్ నుంచి అదే ఏడాది ఉప ఎన్నికలో కవి మఖ్దూం మొహియుద్దీన్ సభకు వెళ్లారు. హైదరాబాద్ నగరంలో ఓడిన ఉర్దూ కవిని హుజూర్‌నగర్ తెలుగు రైతులు గెలిపించి పంపారు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ రైతుల మీద గౌరవం పెరుగుతుంది.

పబ్లిక్ గార్డెన్స్ పక్కన తెల్లగా మెరిసే టౌన్ హాలులో కొత్త సభ కూర్చుంది. ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడం, ఇంగ్లిష్ ఆ ఒక్క గదిలోనే వినిపించేవి. ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు వకీలు, బహుభాషా పండితుడు. హైదరాబాద్ నగరం నుంచి గెలిచిన గోపాలరావు ఎక్బోటే కూడా వకీలే. బూర్గుల మంత్రివర్గంలో పనిచేసి, తర్వాత న్యాయమూర్తి అయి, 1972 నుంచి 1974 వరకు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నారు. వకీలు శాసనసభకు, అక్కణ్నుంచి న్యాయపీఠానికి వెళ్లడం లోకంలో పాత దారి. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో ప్రతి రాష్ట్రంలోనూ ఇలాంటి శాసనసభ్యులు, ఇలాంటి జడ్జీలు కనిపిస్తారు. అబ్రహాం లింకన్ కూడా 1834 నుంచి ఎనిమిదేళ్లు ఇల్లినాయ్ శాసనసభలో కూర్చున్న వకీలే. చట్టం చదివినవాళ్లు చట్టం చేయడంలో ఆశ్చర్యం ఏముంది? 1952 హైదరాబాద్ సభలో కొత్త సంగతి ఏమిటంటే, చట్టం చేతిలో దెబ్బలు తిన్నవాళ్లు కూడా పక్క బల్ల మీద కూర్చున్నారు. లాఠీ బరువు, కటకటాల చలి, అబ్కారీ ఇన్‌స్పెక్టర్ గొంతు వాళ్లకు పుస్తకంలో చదివితే తెలిసినవి కావు.

1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం విడిపోయి తెలంగాణ భాగం ఆంధ్రతో కలిసింది. ఆంధ్రలో ఎన్నికలు 1955లోనే అయిపోయాయి కాబట్టి 1957లో తెలంగాణ ప్రాంతంలో మాత్రమే శాసనసభ ఎన్నికలు జరిగాయి. ధర్మభిక్షం ఈసారి నకిరేకల్ నుంచి గెలిచారు. 1962లో నల్గొండ నుంచి. మూడు ఎన్నికలు, మూడు నియోజకవర్గాలు. ఒక చోట పాతుకుపోయి సొంత కోట కట్టుకోవడం ఆయన పద్ధతి కాదు. పార్టీ ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడ్డారు.

ఇక ఆయన అసలు పని. తెలంగాణ గీత పనివారల సంఘం. పేరులో ‘గౌడ’ అన్న మాట లేకపోవడం గమనించండి. కులం పేరుతో సంఘం పెడితే పెద్ద మనుషులు పెత్తనం చేస్తారు. కల్లు దుకాణం వేలం పాడే గౌడు, చెట్టెక్కే గౌడు ఒకే వేదిక మీద కూర్చుంటారు, మాట్లాడేది మొదటివాడే అవుతాడు. ‘పనివారలు’ అనగానే గీత గీసినట్టు తేలిపోయింది: మోకు పట్టేవాడిదే సంఘం. వాళ్లు అడిగింది రెండు ముక్కల్లో చెప్పొచ్చు. చెట్టు గీసేవాడికే చెట్టు మీద హక్కు ఇవ్వాలి. చెట్టు మీంచి పడితే ఆ ఇంటిని సర్కారు ఆదుకోవాలి.

మొదటి కోరిక సహకార సంఘాల రూపంలో ముందుకు వచ్చింది. కాంట్రాక్టర్ల వేలంపాట తీసేసి, ఊళ్లో గీసేవాళ్లంతా సభ్యులుగా సొసైటీ పెట్టుకుంటే ఆ ఊరి చెట్లు సొసైటీకి ఇస్తారు. సొసైటీ రకం కడుతుంది, సభ్యులు చెట్లు పంచుకుంటారు, అమ్మిన డబ్బు వాళ్లదే. చెప్పుకోవడానికి ఇది నాలుగు వాక్యాల పని. చేయడానికి దశాబ్దాలు పట్టింది. కాంట్రాక్టర్లు ఊరుకోరు. సొసైటీ పేరుతో వాళ్లే తమ మనుషులను సభ్యులుగా చేర్పించే ఎత్తు ఉంటుంది. లైసెన్సు కాగితం ఒక ఆఫీసులో, చెట్ల లెక్క ఇంకో ఆఫీసులో. చదువు రాని గీత కార్మికుడు ఆ మెట్లన్నీ ఎక్కలేడు. తాటిచెట్టు ఎక్కడమే అతనికి సులువు. ఆ ఆఫీసు మెట్లు ఎక్కడానికే అతనికి సంఘం కావలసి వచ్చింది. శాసనసభలో ప్రశ్న వేసి ఊరుకుంటే చట్టం గెజిట్‌లో ఉండిపోతుంది. అది ఊరికి, ఊరి నుంచి తాటివనానికి చేరాలంటే మధ్యలో మనుషులు నడవాలి. ధర్మభిక్షం ఆ నడక నడిచిన మనిషి.

1962లో మొదలైన పదవీకాలం ముగిశాక ఆయన రెండు దశాబ్దాలకు పైగా చట్టసభ బయటే ఉన్నారు. అంతకుముందే, 1964లో, కమ్యూనిస్టు పార్టీ చీలింది. ఆయన సీపీఐలోనే ఉండిపోయారు. అదే సూర్యాపేట తాలూకా కరివిరాల కొత్తగూడెంలో పుట్టిన భీమిరెడ్డి నరసింహారెడ్డి సీపీఎం వైపు వెళ్లి 1971లో మిర్యాలగూడ ఎంపీ అయ్యారు. ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి గెలిచారు. ఒక తాలూకా ఇంతమంది పోరాటవాదులను చట్టసభలకు పంపడం అరుదు. వాళ్లందరి గురించీ ఈ ధారావాహికలో విడివిడిగా చెప్పుకుంటాం.

ఆ ఏళ్లలో జిల్లా రెండుగా మారిపోయింది. 1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టులో కాల్వలకు నీళ్లు వదిలారు. ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పచ్చబడ్డాయి. మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊరైంది. నాట్ల కాలంలో కోదాడ వైపు బస్సులో వెళ్తే రెండు పక్కలా నీళ్లలో ఆకాశం కనిపిస్తుంది. అదే జిల్లాలో మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ వైపు వెళ్తే వేరే లోకం. కృష్ణ జిల్లా అంచునే పారుతున్నా ఆ ఊళ్లకు అప్పట్లో బోరు నీళ్లే దిక్కు. ఆ నీళ్లలో ఫ్లోరైడ్. పళ్లు పసుపెక్కి, కీళ్లు బిగుసుకుని, పిల్లల కాళ్లు వంకరపోయి, నలభై ఏళ్లకే వెన్ను వంగిన మనుషులు. తాగునీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు పెట్టారంటే జిల్లా పేరు ప్రపంచానికి ఎలా తెలిసిందో అర్థమవుతుంది. పటిక, సున్నం కలిపి నీళ్లను తేర్చే ఆ పద్ధతి ఇతర దేశాలకూ వెళ్లింది. మునుగోడుకు కృష్ణ నీళ్లు మాత్రం అప్పటికి రాలేదు.

1991లో ధర్మభిక్షం నల్గొండ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. అప్పటికి ఆయన వయసు 69. ఐదేళ్ల తర్వాత, 1996 ఎన్నికల్లో, నల్గొండ దేశం మొత్తాన్ని తనవైపు తిప్పుకుంది.

ఆ ఎన్నికల్లో నల్గొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. శ్రీశైలం ఎడమ గట్టు కాల్వ పూర్తిచేసి ఫ్లోరైడ్ ఊళ్లకు కృష్ణ నీళ్లు ఇవ్వాలని జలసాధన సమితి చాలా ఏళ్లుగా అడుగుతోంది. దాన్ని నడిపిన దుశ్చర్ల సత్యనారాయణ బ్యాంకు ఉద్యోగం వదులుకుని వచ్చిన మనిషి. ఈనాటి సూర్యాపేట జిల్లా మోతె మండలం రాఘవాపురంలో సొంత భూమి 70 ఎకరాలను అడవిగా వదిలేసినవారు ఆయనే. ధర్నాలకు, వినతిపత్రాలకు కదలని ఢిల్లీ నామినేషన్లకు కదులుతుందన్నది సమితి ఆలోచన. ఊళ్ల నుంచి వందలమంది వచ్చి డిపాజిట్ కట్టి నామినేషన్లు వేశారు. అప్పటికి లోక్‌సభకు డిపాజిట్ 500 రూపాయలే. వాళ్లలో ఎవరూ గెలవాలనుకోలేదు. తమ నీళ్ల గురించి దేశం ఒక్కసారి చదవాలనుకున్నారు, అంతే.

ఎన్నికల యంత్రాంగం ఎంత ఇబ్బంది పడిందో ఊహించుకోండి. ఓటింగ్ యంత్రాలు నల్గొండకు అప్పటికి రాలేదు, కాగితం బ్యాలెట్. 480 పేర్లు, ఒక్కో పేరుకు ఒక్కో గుర్తు. బ్యాలెట్ పత్రం పుస్తకమైంది. అక్షరం రాని ముసలమ్మ చీకటి మూల నిలబడి ఆ పుస్తకం పేజీలు తిప్పుకుంటూ తనకు తెలిసిన గుర్తును వెతుక్కోవాలి. ముద్ర వేసి, మడిచి, పెట్టెలో వేయాలి. ఆ పుస్తకంలో కంకి కొడవలిని వెతుక్కుని ముద్ర వేసినవాళ్లే అందరికంటే ఎక్కువమంది. ధర్మభిక్షం గెలిచారు. ఇద్దరు ప్రత్యర్థులు డిపాజిట్ దక్కించుకోగా, మిగిలిన 477 మందికీ అది పోయింది.

ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. నీళ్ల కోసం నామినేషన్లు వేసిన ఆ వందలమంది అడిగిన ప్రశ్న ప్రభుత్వాలను అడిగిందే అయినా, ఐదేళ్లుగా ఆ స్థానంలో సభ్యుడిగా ఉన్న ధర్మభిక్షానికీ తగులుతుంది. జీవితమంతా పేదల పక్షాన నిలబడ్డ మనిషి ఎంపీగా ఉన్నప్పుడే, ఆయన నియోజకవర్గంలోని పేదలు తమ మాట ఎవరికీ వినబడటం లేదనుకున్నారు. ఇది ఆయన ఒక్కరి లోపం అనను. ప్రతిపక్షంలో ఉన్న ఒక్క ఎంపీ కాల్వ తవ్వలేడు. అయినా జనం ఆయననే మళ్లీ ఎన్నుకున్నారంటే ఆయన మీద కోపంతో నామినేషన్లు వేయలేదన్నది స్పష్టం. కోపం నీళ్లివ్వని వ్యవస్థ మీద. ఆ రెండు సంగతులనూ పక్కపక్కనే పెట్టి చదివితేనే 1996 నల్గొండ అర్థమవుతుంది.

ఢిల్లీ ఆ పుస్తకాన్ని చదివింది, కానీ నీళ్ల కోసం కాదు. అదే ఎన్నికల్లో కర్ణాటకలోని బెళగావిలో 456 మంది, తమిళనాడు మొడక్కురిచ్చి శాసనసభ స్థానంలో వెయ్యి మందికి పైగా పోటీ చేశారు. పార్లమెంటు ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించింది. లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకు పెరిగింది. శాసనసభకు 250 నుంచి 5,000. గుర్తింపు పొందిన పార్టీకి చెందని అభ్యర్థికి పదిమంది ప్రతిపాదకులు కావాలన్న షరతు వచ్చింది. నామినేషన్లు అంత తేలిగ్గా పడకుండా తలుపు బిగించారు. ఈ రోజు దేశంలో ఎక్కడ ఎవరు నామినేషన్ వేసినా, ఆ కాగితాల వెనక మర్రిగూడ, మునుగోడు ఊళ్ల దాహం ఉంది. తలుపు బిగించినవాళ్లు కుళాయి విప్పి ఉంటే బాగుండేది.

శ్రీశైలం ఎడమ గట్టు కాల్వ సొరంగం పని ఇంకా పూర్తి కాలేదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు సొరంగం పైకప్పు కూలి అక్కడ పనిచేస్తున్న ఎనిమిదిమంది లోపలే చిక్కుకుపోయారు. 1996లో నామినేషన్ వేసిన ఊళ్లకు ఆ వార్త చేరినప్పుడు అక్కడి పెద్దవాళ్ల మనసులు ఎలా ఉండి ఉంటాయో రాయడానికి నా దగ్గర మాటల్లేవు.

1996లో ఎన్నికైన ఆ లోక్‌సభ ఎక్కువకాలం నిలవలేదు. 1997 డిసెంబరులో రద్దయింది. సీపీఐ ఆ కాలంలో చరిత్రలో మొదటిసారి కేంద్ర ప్రభుత్వంలో చేరింది. ఇంద్రజిత్ గుప్తా హోంమంత్రి అయ్యారు. ధర్మభిక్షం సాధారణ సభ్యుడిగానే ఉన్నారు. 1998లో అదే స్థానం నుంచి సురవరం సుధాకర్‌రెడ్డి గెలిచారు. ధర్మభిక్షం 2011 మార్చి 26న, 89 ఏళ్ల వయసులో, కన్నుమూశారు.

గీత కార్మికులు అడిగినవి ఒకేసారి రాలేదు, ఏ ఒక్కరి వల్లా రాలేదు. సొసైటీలు వచ్చాయి. చెట్టు మీంచి పడి చనిపోయినవారి కుటుంబానికి పరిహారం వచ్చింది, తెలంగాణ ఏర్పడ్డాక అది 5 లక్షల రూపాయలైంది. చెట్టు రకం రద్దయింది. 2024 జూలై 14న, హైదరాబాద్ శివారు లష్కర్‌గూడ తాటివనంలో, పట్టు తప్పినా మనిషిని చెట్టుకే పట్టి ఉంచే రక్షణ పరికరాలను ప్రభుత్వం గీత కార్మికులకు ఇవ్వడం మొదలుపెట్టింది. వాటికి కాటమయ్య పేరే పెట్టారు. ధర్మభిక్షం పోయి అప్పటికి పదమూడేళ్లు. చెట్లెక్కడం మొదలై ఎన్ని వందల ఏళ్లో.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, నకిరేకల్ వైపు పాఠకులకు ఒక మనవి. మీ ఇంట్లో తాతలనాటి ట్రంకు పెట్టెలో గీత పనివారల సంఘం రసీదు పుస్తకాలు, సొసైటీ తీర్మానాల నోటు పుస్తకాలు, హాస్టల్ రోజుల ఉత్తరాలు, 1952 నాటి పీడీఎఫ్ కరపత్రాలు ఉండి ఉంటాయి. చెదలు పట్టిన పాత కాగితాలని పారేయకండి. మీ ఊరి గ్రంథాలయానికో, దగ్గరి కాలేజీ చరిత్ర శాఖకో ఇవ్వండి. మంత్రుల ఫైళ్లను సచివాలయం దాచిపెడుతుంది. ధర్మభిక్షం లాంటివాళ్ల చరిత్ర ఉన్నది మీ పెట్టెల్లోనే.